పంచె వెనక జుట్టుపోలిగాడు: పిల్లలతో కాగితం తోలుబొమ్మలు

అనంతపురంలో ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఎండాకాలం సెలవులొస్తే వీధి పిల్లలంతా మిషన్ చుట్టూ చేరి గుడ్డముక్కల కోసం సతాయిస్తారు. వాళ్లను ఒకచోట కూర్చోబెట్టాలని బొమ్మలు చేయించడం మొదలుపెట్టాను. తోలుతో కాదులెండి, కాగితంతో. అసలు తోలుబొమ్మలు చూడాలంటే ధర్మవరం పక్కన నిమ్మలకుంటకు పోవాల్సిందే. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుతురు దూరేంత పలచగా చేసి, రంగులు వేసి, ఉలితో చిల్లులు కొడతారు. తెర మీద ఆ చిల్లులే నగలైపోతాయి. ఆ ఆటల్లో జనాన్ని నవ్వించే జంట జుట్టుపోలిగాడు, బంగారక్క. కాగితంతో చేసినా ఆ వెలుతురు కిటుకు పోగూడదు.

కావాల్సినవి: డ్రాయింగ్ షీట్లు, స్కెచ్ పెన్నులు, కొబ్బరినూనె, దూది, మొన మొద్దుగా ఉండే కత్తెరలు, గట్టి దారం, వెదురు పుల్లలు, పాత తెల్లపంచె. మేలో పది దాటితే మా మిద్దె మీద కాలు పెట్టలేం, అందుకే ఏడున్నరకే పిలుస్తాను. ఎనిమిది మందికి మించి పిల్లల్ని పెట్టుకోవద్దు. రెండు పొద్దులు కావాలి.

మొహం పక్కకు తిరిగినట్టు గీయమనండి. ఎదురుగా ఉండే మొహం తెర మీద గుండ్రటి రొట్టె మాదిరి పడుతుంది. ముక్కు, గడ్డం కనబడితేనే మనిషి. చేతులు, కాళ్లు విడివిడిగా గీయాలి. మీరు పెన్సిల్ పట్టుకోవద్దు. ముక్కు వంకరైతే ఆ వంకర ముక్కోడికే నవ్వులెక్కువ.

రంగుల దగ్గర నేను మొదటేడు బోల్తాపడ్డాను. పోస్టర్ కలర్లిచ్చాను. పిల్లలు ముద్దొచ్చేలా పూశారు. తీరా లైటు వేస్తే అన్నీ బొగ్గుబొమ్మలే. "అత్తా, నా బంగారక్క ఎర్ర చీర యాడికి పోయింది?" అని ఒక పిల్ల మూతి ముడుచుకుంది. ఆ రంగు వెలుతురును ఆపేస్తుంది. స్కెచ్ పెన్ను ఆపదు. రంగు ఆరాక దూదితో రెండు వైపులా కొబ్బరినూనె పట్టించి, పేపర్ల మధ్య పెట్టి పైన బరువు పెట్టండి. తెల్లారేసరికి కాగితం అప్పడంలాగా వెలుతురు పట్టేస్తుంది. రెండో పొద్దు కావాలన్నది అందుకే.

రెండో రోజు చిల్లులు. అరిగిపోయిన హవాయి చెప్పు మీద బొమ్మను పెట్టి దబ్బనంతో పొడవాలి. రబ్బరు మెత్తగా లోపలికి తీసుకుంటుంది, నేలకు తగిలి మొన జారదు. దబ్బనం ఒక్కటే పెడతాను, నా పక్కన కూర్చున్నవాళ్ల చేతికే ఇస్తాను. మెడ చుట్టూ, నడుం దగ్గర, చీర అంచున వరసగా చుక్కలు పొడిస్తే చాలు. కొందరికి ఆశ ఆగదు, చిల్లులు మరీ దగ్గరగా పొడిచి మెడ తెంపేసుకుంటారు. వెనక చిన్న ముక్క అతికించి ఇచ్చేయండి.

కీళ్ల దగ్గర నా కుట్టుపని అక్కరకొచ్చింది. దారం దూర్చి రెండు వైపులా ముడేయాలి, కానీ బిగించగూడదు. గుండీ కుట్టేటప్పుడు కింద దారం కాస్త వదిలినట్టు ఇక్కడా వదలాలి. బిగిస్తే చెయ్యి ఆడదు. ఒక పుల్ల నడుం పొడవునా కట్టండి, ఇంకోటి మణికట్టుకు.

పంచెను తడిపి పిండి, తలుపు చౌకట్టుకు లాగి కట్టండి. ముడతలుంటే బొమ్మకు ముసలితనం వస్తుంది. వెనక ఒక్క బల్బే ఉండాలి, పిల్లల తలలకన్నా ఎత్తున. రెండుంటే నీడలు రెండవుతాయి. వైరు కాళ్లకు అడ్డం రాకుండా చూసుకోండి. బొమ్మను గుడ్డకు ఆనించి ఆడించమని పదేపదే చెప్పాలి; జానెడు వెనక్కి జరిగిందంటే రంగు మాయం, మసక నీడే మిగులుతుంది.

కథ రాసివ్వొద్దు. జుట్టుపోలిగాడు, బంగారక్క ఎట్లా కొట్లాడుకుంటారో ఒకసారి చెప్పి వదిలేయండి. మా వాళ్లు కుళాయి కాడ బిందెల తగాదా ఆడారు. అందులో ఒక గొంతు అచ్చం మా ఆడపడుచుదే.

ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడిగించి బొరుగులు పెట్టండి. బొమ్మలను పేపర్లో చుట్టి ఇంటికి పంపండి, లేదంటే నూనె మరకల గురించి తల్లులు మీ వాకిట్లోకే వస్తారు.