వాక్యం తిరగరాయడం మొదలుపెట్టాక నా ఇంగ్లీష్ దారికొచ్చింది

గ్రామర్ రూల్స్ తెలిసినా, ఆఫీసు మెయిల్ రాయాలంటే నాకు ఎప్పుడూ అవే నాలుగు రకాల వాక్యాలు వచ్చేవి. మాట్లాడాలంటే ఇంకా టెన్షన్. ఆ ఇబ్బంది తీరింది వాక్యాలు తిరగరాయడంతోనే. అర్థం అదే ఉండాలి, రూపం మారాలి.

కేంబ్రిడ్జ్ వాళ్ల బీ2 ఫస్ట్ అనే ఇంగ్లీష్ పరీక్షలో ఇలాంటివి 6 ప్రశ్నలు ఉంటాయి. మొదటి వాక్యం అర్థమే వచ్చేలా, ఇచ్చిన పదాన్ని మార్చకుండా, దానితో కలిపి 2 నుంచి 5 పదాల్లో రెండో వాక్యంలోని ఖాళీ నింపాలి. కోఠిలో ఒక పాత ప్రాక్టీస్ పుస్తకం కొనుక్కుని మొదలుపెట్టాను.

అసలు లాభం మాత్రం సొంత వాక్యాలతోనే. ‘ఆల్దో ది బస్ వాజ్ లేట్, ఐ రీచ్డ్ ది ఆఫీస్ ఆన్ టైమ్’ అని రాశామనుకోండి. దీన్నే ‘డిస్పైట్’తో రాయాలి. దాని తర్వాత కర్త, క్రియ ఉన్న పూర్తి వాక్యం రాదు. నామవాచకమో, ‘ఐఎన్‌జీ’తో ముగిసే క్రియా రూపమో కావాలి. నామవాచకం పెడితే ‘లేట్’ పోయి ‘డిలే’ రావాలి: ‘డిస్పైట్ ది డిలే, ఐ రీచ్డ్...’ ఇలా గ్రామర్ కోసం కూర్చుంటే కొత్త పదాలూ చేతికొస్తాయి. నాకు బాగా నచ్చింది ఇదే.

యాక్టివ్, పాసివ్ బళ్లో చేసినవే, త్వరగా అయిపోతాయి. ‘అలా జరగ్గానే ఇలా జరిగింది’ అని చెప్పే ‘నో సూనర్’ దగ్గర మాత్రం ఆగండి. ‘నో సూనర్ హ్యాడ్ ఐ రీచ్డ్ అమీర్‌పేట్ దాన్ ఇట్ స్టార్టెడ్ రెయినింగ్.’ ‘హ్యాడ్’ కర్తకు ముందొస్తుంది, జత ‘దాన్’. ‘వెన్’ అయితే ‘హార్డ్‌లీ’కి జత.

ఇప్పుడు మెయిల్ పంపే ముందు ఒక్క వాక్యమైనా మార్చి రాసి, రెండింటిలో సూటిగా ఉన్నదే ఉంచుతున్నాను.