ఏరియా ఆసుపత్రిలో పక్షవాత రోగికి గంటలోపు ఇంజెక్షన్ అందించే విధానం

మెదడు రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చిన రోగికి, గడ్డను కరిగించే మందును లక్షణాలు మొదలైన 4.5 గంటలలోపే ఎక్కించాలి. రోగి ఆసుపత్రికి చేరాక 60 నిమిషాలకు మించి ఆలస్యం చేయకూడదు. నరాల వైద్యుడు లేకపోయినా, సి.టి. స్కాన్ ఉండి, పెద్దాసుపత్రి నిపుణుడు ఫోనులో అందుబాటులో ఉంటే ఏరియా ఆసుపత్రిలో ఇది సాధ్యమే. సాధారణంగా కాలం వృథా అయ్యేది చికిత్సలో కాదు, ఒకరి పని ముగిసేదాకా మరొకరు వేచి ఉండటంలో.

అందుచేత పని రోగి రాకముందే మొదలు కావాలి. మూతి వంకర, ఒక చేయి పడిపోవడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా 108 సిబ్బంది దారిలోనే క్యాజువాలిటీకి ఫోను చేయాలి. మనిషిని చివరిసారి మామూలుగా చూసింది ఎప్పుడన్నది వారు తప్పక అడగవలసిన ప్రశ్న. రాత్రి 10 గంటలకు పడుకుని ఉదయం 6 గంటలకు చేయి లేవని స్థితిలో మెలకువ వచ్చిన వ్యక్తికి లెక్క 10 నుంచే మొదలవుతుంది కనుక గడువు దాటిపోయినట్లే. కానీ 3 గంటలకు ఆయన లేచి నడవడం భార్య చూసి ఉంటే ఇంకా గంటన్నర మిగిలి ఉంటుంది. అలా చూసిన మనిషినీ, రోగి వాడే మాత్రలనూ వాహనంలోనే తీసుకురావాలి.

ఫోను రాగానే డ్యూటీ డాక్టరుకు, స్టాఫ్ నర్సుకు, సి.టి. టెక్నీషియనుకు ఒకేసారి కబురు వెళ్లాలి. ఓ.పి. చీటీ తర్వాత రాయవచ్చు. స్ట్రెచర్ నేరుగా స్కాన్ గదికే వెళ్లాలి. షుగరు పడిపోయినా పక్షవాతంలాగే కనిపిస్తుంది కాబట్టి ముందు గ్లూకోజు చూడాలి. రక్తం పలచబడే మాత్రలు వాడనివారికీ, రక్తస్రావ వ్యాధి అనుమానం లేనివారికీ మిగిలిన రిపోర్టుల కోసం ఆగనవసరం లేదు. స్కానులో రక్తస్రావం లేదని తేలగానే చిత్రాలను నిపుణుడికి పంపాలి.

ఆ వ్యవధిలోనే బంధువులతో మాట్లాడాలి. పెద్దకొడుకు ఊరి నుంచి వచ్చాకే నిర్ణయం అనే మాట మన దగ్గర తరచూ వినిపిస్తుంది. ఆయనతో ఫోనులోనే మాట్లాడి, ఈ మందు వల్ల నూటికి సుమారు ఆరుగురికి మెదడులో ప్రమాదకర రక్తస్రావం కావచ్చనీ, ఇవ్వకపోతే వైకల్యం మిగిలే అవకాశం ఎక్కువనీ దాచకుండా చెప్పాలి.

మందు ఎక్కించే ముందు రక్తపోటు 185/110 కంటే తక్కువ ఉండాలి. గడ్డను కరిగించే ఆల్టెప్లేజ్ అనే మందు మోతాదు కిలో బరువుకు 0.9 మి.గ్రా., గరిష్ఠంగా 90 మి.గ్రా. అంటే 60 కిలోల మనిషికి 54 మి.గ్రా.; అందులో పదోవంతు 5.4 మి.గ్రా. ఒక నిమిషంలో, మిగిలిన 48.6 మి.గ్రా. గంటసేపు ఎక్కించాలి. ఈ లెక్కల పట్టికనూ మందునూ క్యాజువాలిటీలోనే ఉంచాలి. అర్ధరాత్రి స్టోర్సు తాళంచెవి కోసం వెతుక్కోవడం కంటే విచారకరమైన ఆలస్యం మరొకటి లేదు.

పెద్ద రక్తనాళం మూసుకుందన్న అనుమానం ఉంటే గడ్డను తీగతో బయటకు లాగే కేంద్రానికి తరలించాలి. మందు పనిచేసిందో లేదో చూద్దామని ఆగకుండా, వచ్చిన వాహనాన్నే నిలిపి ఉంచి పంపడం మేలు.

ఇక్కడే ఉండే రోగికి మొదటి 2 గంటలు ప్రతి 15 నిమిషాలకు, తర్వాత 6 గంటలు ప్రతి అరగంటకు, 24 గంటలు నిండేవరకు గంటకోసారి రక్తపోటు చూసి 180/105 దాటకుండా కాపాడాలి. తలనొప్పి, వాంతి, మత్తు కనిపిస్తే మందు ఆపి మళ్లీ స్కాన్ తీయాలి. ఆస్పిరిన్ 24 గంటల తర్వాతి స్కాను చూశాకే ఇవ్వాలి. మింగగలడో లేదో నర్సు పరీక్షించేవరకు నోటి ద్వారా మాత్రగానీ, ప్రేమతో పట్టే గుక్కెడు కాఫీగానీ ఇవ్వనీయకూడదు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

చివరిసారి బాగున్న వేళ, చేరిన వేళ, స్కాన్ వేళ, మందు వేళ, ఈ నాలుగూ ఒకే రిజిస్టరులో రాసి, ఎక్కువ జాప్యం జరిగిన చోట కారణాన్ని అక్కడ పనిచేసిన వారి చేతనే ఆ రోజే రాయించాలి.