చెరువు డ్రాయింగ్ అరేబియా సముద్రంలో తేలుతుంటే – నా అనుభవం

డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ 2025లో వచ్చిన ఎస్రి కంపెనీ మ్యాప్ ఆన్ చేస్తే నెల్లూరు వైపు రొయ్యల చెరువుల సర్వే గోవాకి దిగువన సముద్రంలో పడుతోంది. మ్యాప్ మార్చడం, రీజెన్ (డ్రాయింగ్‌ని మళ్లీ గీయించే కమాండ్), గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్, రీఇన్‌స్టాల్: ఏదీ పనిచెయ్యలా.

తప్పు జోన్‌ది. యూటీఎం అంటే భూమిని ఆరేసి డిగ్రీల వెడల్పు జోన్లుగా విడగొట్టి, చోటుని మీటర్లలో చెప్పే పద్ధతి. నెల్లూరు, ప్రకాశం రెండూ యూటీఎం 44లోనే ఉన్నాయి. 43 ఇస్తే అవే అంకెలు ఆరు డిగ్రీలు పడమరకి పోతాయి. (అనంతపురం టౌన్ 43లోకి వస్తుంది, అక్కడి టెంప్లేట్ తెచ్చుకుంటే ఇదే తంటా.)

ముందు జియోరిమూవ్ (GEOREMOVE) కమాండ్ కొట్టి పాత లొకేషన్ తీసెయ్యాలి. యూనిట్స్‌లో ఇన్సర్షన్ స్కేల్ మీటర్లకి మార్చాలి. ఆటోడెస్క్ అకౌంట్‌లో సైన్ ఇన్ అయ్యాక జియోగ్రాఫిక్‌లొకేషన్ (GEOGRAPHICLOCATION) కమాండ్ కొట్టి ఫ్రమ్ మ్యాప్ ఎంచుకోండి. డీజీపీఎస్‌తో (మామూలు జీపీఎస్ కన్నా కచ్చితమైన పరికరం) తీసిన కంట్రోల్ పాయింట్, అంటే సర్వేకి ఆధారంగా పెట్టుకున్న పాయింట్, అక్షాంశ రేఖాంశాలు టైప్ చేసి మార్కర్ పెట్టండి. తర్వాతి పేజీలో యూటీఎం84-44ఎన్ (UTM84-44N), యూనిట్ మీటర్లు ఎంచుకోండి. డ్రాయింగ్‌లో పాయింట్ అడిగినప్పుడు మౌస్‌తో నొక్కొద్దు, అదే పాయింట్ ఈస్టింగ్ (తూర్పు వైపు మీటర్లు), నార్తింగ్ (ఉత్తరం వైపు మీటర్లు) మధ్యలో కామాతో కొట్టండి. నార్త్ దిశ కోణం అడిగితే 90 ఇవ్వండి. నెల్లూరు దగ్గర ఈస్టింగ్ సుమారు 3.9 లక్షలు, నార్తింగ్ 15.9 లక్షలకి అటూ ఇటూ ఉండాలి; తిరగబడి ఉంటే సీఎస్‌వీలో (సర్వే పాయింట్ల పట్టిక ఫైల్) కాలమ్‌లు మారినట్టే.

టోటల్ స్టేషన్‌తో (కోణాలు, దూరాలు కొలిచే సర్వే పరికరం) 1000,1000 అని అనుకుని అక్కడి నుంచి మొదలెట్టిన లోకల్ గ్రిడ్‌కి ఇది నేరుగా పనికిరాదు. కుదిరాక కూడా మ్యాప్‌లోని ఫొటో కొన్ని మీటర్లు పక్కకి ఉండొచ్చు, గట్టు హద్దులు దాని మీద గీయకండి.