కార్తీకం నుంచి శివరాత్రి దాకా: విశాఖ, అరకు వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు

కార్తీకమాసం వచ్చిందంటే విశాఖ చుట్టుపక్కల దారులన్నీ కిటకిటలాడతాయి. వనభోజనాలు, పాడేరు దగ్గర వంజంగి కొండ మీది మేఘాలు, అరకు చలి, సంక్రాంతి సెలవులు, ఆపైన శివరాత్రి సముద్రస్నానాలు. అన్నీ చూడాల్సినవే, హాయిగా వెళ్లండి. ఇక్కడ మనవల్ల జరిగే నష్టం చాలావరకు కావాలని చేసేది కాదు. కాలు ఎక్కడ పెడుతున్నామో, లైటు ఎటు కొడుతున్నామో చూసుకోకపోవడం వల్లే జరుగుతుంది. అందుకే ఇంట్లో ఉండగానే కొన్ని తెలుసుకుని బయల్దేరాలి.

ముందు బీచ్ సంగతి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. తల్లి తాబేలు పొడి ఇసుక దాకా పాక్కుంటూ వచ్చి, వెనక కాళ్లతో కూజాలాంటి గొయ్యి తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్లిపోతుంది. అది పైకి వస్తుండగా మనం దగ్గరికెళ్లినా, ఫోన్ లైటు కొట్టినా బెదిరి, గుడ్లు పెట్టకుండానే తిరిగిపోవచ్చు. నెలన్నర, రెండు నెలలకు బయటికొచ్చే పిల్లలకు వెలుగు ఎటుంటే సముద్రం అటే. చలిమంటో, కారు హెడ్‌లైట్లో కనబడితే నీటికి ఎదురుదిక్కుగా పోయి ఎండకు, కుక్కలకు బలైపోతాయి. దయచేసి ఈ నెలల్లో రాత్రిళ్లు ఇసుకలో మంటలు వేయకండి, బండ్లు దించకండి. అరచేతిలో పట్టే ఆ పిల్లకు టైరు గాడి దాటడం కూడా కష్టమే. తాబేలు కనిపిస్తే లైట్లు ఆపేసి, దాని వెనకవైపు దూరంగా నిలబడి చూడండి. ఆ చూపు జన్మంతా గుర్తుంటుంది. గుడ్లు కనిపిస్తే ముట్టుకోకుండా అటవీశాఖకు చెబితే వాళ్లే హేచరీకి (గుడ్లను కాపాడి పొదిగించే చోటుకి) తరలిస్తారు.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగనివాళ్లుండరు. జియలాజికల్ సర్వే గుర్తించిన జాతీయ భూవారసత్వ స్థలం అది. చూడ్డానికి కొండల్లా ఉన్నా అది రాయి కాదు, వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుక. అంచున నిలబడి సెల్ఫీ తీసుకుంటే పాదం కింద సన్నగా బీట వేసి, ఎర్ర ఇసుక జలజలా రాలిపోతుంది. రాలింది మళ్లీ పైకెక్కదు. పైన అంచుల మీదికి వెళ్లకుండా కింద వాగు దారుల్లోనే నడవండి. గోడల మీద పేర్లు చెక్కబోతే పిల్లలనైనా, పెద్దలనైనా ఆపండి.

వనభోజనాలకు మెరుపు పేపర్ ప్లేట్లు వద్దు, ఆ మెరుపంతా ప్లాస్టిక్ పొరే. మన ఏజెన్సీలో కుట్టే అడ్డాకుల విస్తర్లు సంతల్లో దొరుకుతాయి. వాటిలో వేడి పులిహోర తింటే ఆ రుచే వేరు. చిన్న వాటర్ బాటిళ్ల బదులు 20 లీటర్ల టిన్ను, స్టీలు గ్లాసులు పెట్టుకోండి. నన్నడిగితే వీటన్నిటికన్నా ముఖ్యమైంది డిక్కీలో రెండు ఖాళీ గోనెసంచులు. వంజంగి కొండ మీద పారేసిన చిప్స్ కవరును కిందికి తేవడానికి రోజూ మునిసిపాలిటీ బండి రాదు. తిండి వాసనకు పశువులు కవర్లతో సహా మింగేస్తాయి. మీ చెత్త మీతోపాటే ఊళ్లోకి రావాలి.

అరకులో పసుపుపచ్చగా కనిపించే వలిసె పూలు ఎవరో రైతు వేసిన నూనెగింజల పంట. ఫొటో కోసం మధ్యలోకి దూరితే ఆ మొక్కలు మళ్లీ లేవవు, గింజ పట్టదు. గట్టు మీద నిలబడండి. రైతు పది, ఇరవై అడిగితే బేరమాడకుండా ఇవ్వండి. బొర్రా గుహల్లో సున్నపు స్తంభాలను తాకకండి, చేతి జిడ్డు అంటితే వాటి పెరుగుదల దెబ్బతింటుంది. గుహల బయట కోతులకు బిస్కెట్లు వేయడం జాలి అనిపిస్తుంది కానీ, అలవాటు పడ్డ కోతి రేపు పసిపిల్ల చేతిలోది లాక్కుంటుంది.

ఆదివారాలు ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. వీలైతే పొద్దున్నే విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలెక్కండి. పొగా తగ్గుతుంది, సొరంగాలు దాటుతూ లోయలు చూడొచ్చు. అద్దాల బోగీకి మాత్రం సీజన్‌లో టికెట్లు త్వరగా అయిపోతాయి, తేదీ అనుకున్న రోజే బుక్ చేసుకోండి.