భూగర్భంలో కార్బన్ డయాక్సైడ్, ముప్పు అంచనా – 4వ పాఠం: ఖాళీ ఎక్కడుంది?

కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌ను భూమి లోపలి రాతి పొరల్లోకి ఎక్కించి దాచే చోట ముప్పు ఎంతో అంచనా వేయమన్న పోయినసారి అభ్యాసంలో చాలామంది ఒకేలా రాశారు: పైన మూతలా ఉన్న షేల్ (గట్టిపడిన బంకమట్టి రాయి) పొర మందంగా ఉంది, కింద ఇసుకరాయిలో బోలెడు ఖాళీ ఉంది, కాబట్టి ముప్పు తక్కువ. ఇది తప్పు. అందుకే ఇవాళ చెప్పాల్సిన పాత బావుల సంగతి పక్కన పెడుతున్నాను.



కింద ఖాళీ లేదు. ఇసుకరాయి రంధ్రాల నిండా ఉప్పునీరే. గ్యాస్ దూరాలంటే ఆ నీరు పక్కకు జరగాలి. నిండు పాల ప్యాకెట్‌ను బల్ల మీద పెట్టి ఒక మూల బొటనవేలితో నొక్కి చూడండి. అవతలి మూల ఉబ్బుతుంది, అతుకు బిగుసుకుంటుంది. చుక్క పాలు కారలేదు, కానీ ఒత్తిడి అతుకు దాకా వెళ్లిపోయింది. భూమిలోనూ గ్యాస్ కంటే ముందు, గ్యాస్ కంటే దూరం పోయేది ఒత్తిడే. దారిలో పాత భ్రంశం, అంటే రాతి పొరలు తెగి పక్కకు జరిగిన పగులు, ఉంటే అది కదలొచ్చు.

నార్వేలోని స్నోవిట్ సహజవాయు క్షేత్రం చూడండి. 2008లో టుబోఎన్ అనే పొరలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించడం మొదలుపెట్టారు. లీకేజీ లేదు. కానీ ఒత్తిడి అనుకున్నదానికంటే వేగంగా పెరగడంతో 2011లో పైనున్న స్టో పొరకు మారారు. అల్జీరియాలోని ఇన్ సాలాలో మూత పొర వందల మీటర్ల మందం. గ్యాస్ ఎక్కించిన ఇసుకరాయి మాత్రం సుమారు 20 మీటర్లే. పైన నేల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు లేస్తోందని ఉపగ్రహాలు పట్టుకున్నాయి. మూత పొర మీద అనుమానంతో 2011లో ఆపేశారు. నార్వే దగ్గరి సముద్రంలోని స్లైప్నర్‌లో 1996 నుంచి చాలా ఏళ్లపాటు ఏటా దాదాపు 10 లక్షల టన్నులు పంపినా ఇలాంటి ఇబ్బంది రాలేదు. అక్కడి ఉట్‌సిరా పొర అంత విశాలం.

ఏ రిపోర్టు వచ్చినా నేను ముందు ఒత్తిడి గ్రాఫే తెరుస్తాను. పంపు ఆపాక గీత త్వరగా దిగిందా, లేదా? నెమ్మదిగా దిగితే ఆ పొర నీటిని సులువుగా జరగనివ్వడం లేదని, లేదా చుట్టూ ఎక్కడో మూసుకుపోయి ఉందని నాకు అనుమానం.

అభ్యాసం: ఊహించిన ఒక పొరలో ఇప్పటి ఒత్తిడి 200 బార్లు, రాయి పగిలేది 320 దగ్గర. అమెరికా నిబంధనలాగే, రాయి పగిలే ఒత్తిడిలో 90 శాతం దాటకూడదు. 10 లక్షల టన్నులకు 15 బార్లు పెరుగుతుంది. ఏటా అంతే పంపితే ఎన్నేళ్లు? పొర సగంలో ఒక భ్రంశం అడ్డుగోడలా నిలిచి, పెరుగుదల రెట్టింపైతే? రెండో జవాబు వచ్చాక, ఆ గోడ ఉందని ఏ కొలతతో, ఎన్నో నెలలో కనిపెడతారో ఒక పేజీ రాయండి. మూత పొర మందం గురించి ఒక్క వాక్యం కూడా వద్దు.