కొండరాయి ఇసుకరాయేనా? శ్రీకాకుళం, విజయనగరం వాసులు పోల్చుకునే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రోడ్డు వెడల్పు కోసం కొండ అంచు తవ్విన చోట ఎర్రగానో పసుపుగానో ఉండి, చేత్తో నలిపితే పొడి రాలే రాయి బయటపడుతుంది. చూసినవారిలో చాలామంది దానిని ఇసుకరాయి అనుకుంటారు. ఫొటో తీసి దాని కింద అదే మాట రాస్తారు కూడా. నిజానికి తూర్పు కనుమల్లోని ఈ భాగంలో కొండలు ఎక్కువగా ఖొండలైటు, చార్నొకైటు, నైసు అనే రూపాంతర శిలలతో, అంటే భూమి లోపలి వేడికి, ఒత్తిడికి రూపు మారిన రాళ్ళతో ఏర్పడినవి. ఇసుకరాయి అవక్షేప శిల, అంటే నీరో గాలో తెచ్చి పేర్చిన ఇసుక కాలక్రమంలో గట్టిపడి రాయి అయినది. రంగులోనూ పొడి రాలే గుణంలోనూ మాత్రమే ఈ రెండింటికీ పోలిక. తేడా పట్టుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, ఒక ఉక్కు మేకు, నీళ్ళ సీసా, చిన్న సీసాలో వెనిగర్, రాసుకోవడానికి ఒక పుస్తకం ఉంటే చాలు.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ పనికి అనువైన కాలం. గడ్డి ఎండి రాయి బయటికి కనిపిస్తుంది, ఉదయపు ఏటవాలు వెలుగులో రాతి చారలు నీడలతో సహా స్పష్టంగా తేలుతాయి. చలికాలంలోనూ పాములు ఉండవచ్చు, కాబట్టి పొదల్లోకి, బండల సందుల్లోకి చేయి పెట్టే ముందు కర్రతో తట్టి చూడాలి.

దగ్గరికి వెళ్ళక ముందే దూరం నుంచి కొండ ఆకారాన్ని గమనించండి. ఇసుకరాయి ఉన్న చోట గట్టి పొర నిలబడి, మెత్తని పొర అరిగిపోవడం వల్ల మెట్లు, చూరులా ముందుకు వచ్చిన అంచులు, వాటి కింద లోతు తక్కువ గుహలు ఏర్పడతాయి. ఖొండలైటు కొండ అలా ఉండదు. అది లోపలి దాకా శిథిలమై, పైన ఎర్రమట్టి కప్పుకుని, గుండ్రని శిఖరంతో, వాలు పొడవునా జీడితోటలకో సీతాఫలం పొదలకో చోటిస్తూ ఉంటుంది. చార్నొకైటు ముదురు రంగులో, జిడ్డు మెరుపుతో, పెద్ద పెద్ద గుండ్లుగా విడిపోయి కనిపిస్తుంది. ఆకారం సూచన మాత్రమే, రుజువు కాదు. అయినా ఎటు నడవాలో అదే చెబుతుంది. వానాకాలంలో గెడ్డ కోసిన ఒడ్డు గాని, పాడుబడిన క్వారీ అంచు గాని దొరికితే కొండ ఎక్కనవసరం లేదు. పని జరుగుతున్న క్వారీలోకి మాత్రం వెళ్ళకండి.

రాయి పై తోలును చూసి ఏదీ నిర్ణయించకూడదు. ఎండకు, వానకు నానిన ఉపరితలం మీద ఇనుము తుప్పుపట్టి అన్ని రాళ్ళకూ ఒకే ఎరుపు పులుముతుంది. కింద రాలిపడిన ముక్కల్లో కొత్తగా విరిగిన ముఖం ఉన్నదానిని ఎంచుకుని, భూతద్దాన్ని కంటికి ఆనించుకుని, రాయిని దాని దగ్గరికి తెచ్చుకుంటూ చూడండి. ఇసుకరాయి అయితే రేణువులు విడివిడిగా, సాధారణంగా అంచులు అరిగి, ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉంటాయి. వాటి మధ్య సందుల్లో వాటిని అతికించిన సున్నమో ఇనుమో, ఇసుక రేణువుల్లోనే ఉండే సిలికా అనే పదార్థమో కనిపిస్తుంది. మేకు మొనతో గీకితే రేణువు మీద గీత పడదు గాని, రేణువే ఊడి వస్తుంది. అతుకు సిలికాది అయితే ఇంత తేలికగా ఊడదు.

ఖొండలైటులో కథ వేరు. స్ఫటికాలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని, సందు లేకుండా పెరిగి ఉంటాయి. వాటి నడుమ ఆవగింజ మొదలు బఠాణీ గింజంత వరకు ముదురు ఎరుపు గార్నెట్ మచ్చలు, పట్టు మెరుపుతో సన్నని సూదుల్లా సిల్లిమనైటు, అక్కడక్కడ వేలికి నల్లగా అంటే గ్రాఫైటు రేకులు కనిపిస్తాయి. ఈ మూడింటిలో ఏ రెండు కనిపించినా మీ చేతిలో ఉన్నది ఇసుకరాయి కాదని నిర్ణయానికి రావచ్చు. శిథిలమైన ముక్కలో గార్నెట్ ఎర్రగా మిగలదు, తుప్పు రంగు గుంటగా మారుతుంది. ఫెల్డ్‌స్పార్ అనే లేత రంగు ఖనిజం తెల్లని బంకమట్టిగా మారి వేలికి అంటుకుంటుంది. పొరపాటు ఎక్కువగా జరిగేది ఈ దశలోనే. పొడిని అరచేతిలో వేసుకుని కాస్త నీరు చల్లి రుద్దండి: గరగరలాడుతూ శుభ్రమైన ఇసుక మిగిలితే ఇసుకరాయి వైపు, గరుకుతో పాటు తెల్లని జిగురు మిగిలితే ఖొండలైటు వైపు మొగ్గాలి.

నీటి చుక్క వేసి, పీల్చుకుంటే ఇసుకరాయి అని చెప్పే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. నా దృష్టిలో అది మన ప్రాంతానికి పనికిరాదు, ఎందుకంటే శిథిలమైన ఖొండలైటు కూడా అంతే వేగంగా నీరు తాగుతుంది. వెనిగర్ చుక్క వేరే ప్రయోజనానికి ఉంచుకోండి: బుడగలు వస్తే రేణువులను అతికించినది సున్నమని తెలుస్తుంది, రాకపోతే ఇనుమో సిలికానో అయి ఉంటుంది.

ఇక చారలు. ఇసుకరాయిలో పొరలు ఇసుక ఎలా పేరుకుందో చెబుతాయి. సమాంతరంగా సాగే పెద్ద పొరల లోపల ఏటవాలు చిన్న పొరలు కనిపిస్తే, అవి ఒకనాటి ప్రవాహమో గాలో ఏ దిక్కుకు సాగిందో చూపే గుర్తులు. కొన్ని చోట్ల అలల ముడతలు కూడా రాయిలో నిలిచిపోతాయి. ఖొండలైటు చారలు పేరుకున్నవి కావు. భూమి లోతుల్లో తీవ్రమైన వేడి, ఒత్తిడి వల్ల ఖనిజాలు వరుసకట్టి ఏర్పడినవి. అందుకే అవి వంగుతాయి, మడత పడతాయి, గార్నెట్ అడ్డం వచ్చిన చోట దానిని చుట్టి వెళతాయి. ఆశ్చర్యమేమంటే ఆ రాయి కూడా మొదట బంకమన్ను, ఇసుక కలిసిన అవక్షేపమే. దాదాపు వంద కోట్ల ఏళ్ళ నాటి రూపాంతరం దాని పాత పొరల గుర్తులను చెరిపివేసింది. ఇసుకరాయికీ దీనికీ నడుమ క్వార్ట్జైటు ఒకటుంది, తిరుమల శిలాతోరణం ఆ జాతిది. దానిలో రేణువులు ఎంత గట్టిగా అతుక్కుంటాయంటే, రాయి విరిగేటప్పుడు రేణువుల చుట్టూ కాక రేణువుల మీదుగానే విరుగుతుంది.

చదివిన తేడా కంటికి అలవాటు కావాలంటే వంశధార ఒడ్డునే ఒక రోజు గడపవచ్చు. ఉదయం శాలిహుండం కొండ ఎక్కి దారి పొడవునా రాతి ముఖాలను భూతద్దంతో చూడండి. అది బౌద్ధ అవశేషాలున్న రక్షిత స్థలం కాబట్టి సుత్తి తీసుకువెళ్ళకూడదు, చిన్న ముక్కనైనా జేబులో వేసుకోకూడదు. అక్కడి నుంచి కళింగపట్నం తీరానికి వెళ్ళి, కెరటం వెనక్కి తగ్గిన చోట ఇసుక మీద గులాబీ, నలుపు చారలను వెతకండి. గులాబీ చారలో ఎక్కువ గార్నెట్, నల్లని దానిలో ఎక్కువ ఇల్మెనైటు అనే ఇనుము, టైటానియం ఖనిజం. కొండల్లో అరిగిన రాళ్ళ నుంచి నదులు మోసుకొచ్చిన బరువైన రేణువులివి. తేలికైన ఇసుకను కెరటం లాక్కుపోతే ఇవి వెనక మిగులుతాయి. చిటికెడు తీసి తెల్ల కాగితం మీద పరిచి చూస్తే, కొండరాయిలో మచ్చగా కనిపించిన ఖనిజం ఇక్కడ విడి రేణువుగా దొరుకుతుంది.

విజయనగరం వైపు వారికి భీమునిపట్నం దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు మంచి పాఠం. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ వీటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఇసుక రేణువుల చుట్టూ ఇనుప ఆక్సైడు పూత పట్టి ఎర్రబడింది గాని, రాయిగా అతుక్కోలేదు, కనుక ఇసుకరాయి కాదగినది ఇంకా మధ్య దశలో ఉందన్నమాట. వాన నీరు లోతైన చీలికలు కోసిన ఆ గోడలు నిటారుగా నిలబడినా నమ్మదగినవి కావు. వాన కురిసిన తరువాత వాటి అంచున నిలబడవద్దు, గోడలను తవ్వి పేర్లు చెక్కవద్దు.

అసలైన ఇసుకరాయిని చూడాలంటే ఆమదాలవలసలోనో పలాసలోనో రైలెక్కి భువనేశ్వర్‌లో దిగి, ఖండగిరి, ఉదయగిరి కొండలకు వెళ్ళాలి. కోట్ల ఏళ్ళ నాటి గోండ్వానా కాలపు ఆ ఇసుకరాయి ఉలికి లొంగేది గనుకనే ప్రాచీన కళింగంలో జైన మునుల కోసం గుహలు అందులో తొలిచారు. కళింగ రాజు ఖారవేలుని 17 పంక్తుల హాథీగుంఫా శాసనం అక్కడిదే. అక్కడి రాణీగుంఫా అనే గుహ గోడల మీద ముతక రేణువులను, పొరలను, అదే మెత్తదనం వల్ల అరిగిపోయిన శిల్పాల ముఖాలను తాకకుండా చూడండి. వీలైతే అదే ప్రయాణంలో కోణార్క్ కూడా చూడండి. ఆ ఆలయపు రాయి ప్రధానంగా ఖొండలైటు, అంటే మన కొండలకు సగోత్రం. మధ్యాహ్నం ఇసుకరాయి గుహల్లోను, మర్నాడు ఖొండలైటు ఆలయంలోను భూతద్దం పట్టిన వారికి ఇక ఫొటో కింద ఏ పేరు రాయాలో సందేహం రాదు.

ప్రతి చోటా ఫొటోలో కొలత కోసం ఒక రూపాయి నాణెం పెట్టండి, స్థలం, తేదీ, రాయి పడి దొరికిందా లేక నేలలో పాతుకుని ఉందా అన్నది అప్పటికప్పుడే రాసుకోండి. పడి ఉన్న రాయి లారీలో వచ్చినదైనా కావచ్చు, కాబట్టి పాతుకుని ఉన్నదాని మీదే తీర్పు చెప్పాలి.