రోమ్ చివరి ఇరవై ఏళ్లను ఒక్క కాగితం మీద వేసుకోవడం ఎలా

దూరవిద్యలో ఎం.ఏ. హిస్టరీ కట్టినవాళ్లు కొందరు ఆదివారం పూట నల్లగొండలో మా ఇంటికి వస్తుంటారు. పశ్చిమ రోమన్ సామ్రాజ్య పతనం అనగానే అందరి నోట్సులోనూ ఒకటే ఉంటుంది: 455 నుంచి 476 దాకా తొమ్మిది మంది చక్రవర్తులు, వరుసగా, బట్టీకి సిద్ధంగా. పరీక్ష హాల్లో టెన్షన్‌కు అందులో సగం ఎగిరిపోతాయి. అందుకే నేను ఇంకోలా వేయిస్తాను.

తెల్లకాగితం అడ్డంగా పెట్టి నిలువునా రెండు గీతలు కొట్టండి. ఎడమ గడి చక్రవర్తికి, నడిమిది సేనాధిపతికి, కుడిది ఖజానాకు. ఎడమ గడిని ఇప్పుడే ముట్టుకోవద్దు. ముందు నడిమిది నిండాలి.

అందులో పైన ఏటియస్. 451లో హూణుల అట్టిలాను నిలువరించిన సేనాని. 454లో మూడో వాలెంటీనియన్ చక్రవర్తి అతణ్ని తన చేత్తోనే నరికాడు. మరుసటి మార్చిలో ఏటియస్ మనుషులు ఆ చక్రవర్తిని చంపారు. కథ మొదలు ఇక్కడే. కాస్త జాగా వదిలి, 456 నుంచి 472 దాకా పొడుగ్గా ఒకే గీత గీసి రిసిమర్ అని రాయండి. కింద గుండొబాద్, ఒరెస్టిస్, ఒడోసర్. అంతే, అయిదు పేర్లు.

రిసిమర్ తండ్రి సువేవి తెగవాడు, తల్లి గోత్ తెగ ఆడబిడ్డ, మతం రోమ్ చర్చి తప్పుదారిగా చూసే ఏరియన్ క్రైస్తవం. తను సింహాసనం ఎక్కితే రోమ్ పెద్దలు ఒప్పుకోరు. కాబట్టి వేరేవాళ్లను ఎక్కించాడు. ఇది నేను ఎక్కువసేపు చెప్పాల్సిన పని ఉండదు. మహిళా రిజర్వేషన్ వచ్చిన ఊళ్లో సర్పంచ్ కుర్చీ ఎవరిదో, పెత్తనం ఎవరిదో మా పిల్లలు చూస్తూనే పెరిగారు.

ఇప్పుడు ఎడమ గడి. పెట్రోనియస్ మాక్సిమస్, అవిటస్ పైన పడతారు, ఇద్దరూ ఎక్కువ కాలం నిలవలేదు. రిసిమర్ గీతకు ఎదురుగా మజోరియన్, లిబియస్ సెవెరస్, ఆంథిమియస్, ఒలిబ్రియస్. సెవెరస్ 465 చివర్లో పోయాడు, ఆంథిమియస్ 467లో వచ్చాడు. మధ్యలో దాదాపు ఏడాదిన్నర ఖాళీ. నోట్సులో తప్పు పడిందనుకొని చాలామంది తేదీలు జరిపి అతికిస్తారు. వద్దు, ఖాళీగానే ఉంచి ఎర్రపెన్నుతో చుట్టండి. చక్రవర్తి లేకుండానే రిసిమర్ రాజ్యం నడిపాడనడానికి ఇంతకన్నా గట్టి రుజువు లేదు.

కుడి గడిలో మూడే సంవత్సరాలు: 439, 460, 468. 439లో వాండల్ తెగ రాజు గైసెరిక్ ఉత్తర ఆఫ్రికా నగరం కార్తేజ్‌ను పట్టుకున్నాడు. రోమ్ తినే ధాన్యంలో, సైన్యానికి జీతమయ్యే పన్నులో పెద్ద వాటా ఉత్తర ఆఫ్రికాదే. అదంతా చేజారింది. 460లో మజోరియన్ స్పెయిన్ తీరంలో ఓడలు సిద్ధం చేస్తే, అవి బయల్దేరకముందే వాండల్స్ చేతికి చిక్కాయి. 468లో తూర్పు చక్రవర్తి లియో, ఆంథిమియస్ కలిసి భారీ నౌకాదళం పంపారు. గైసెరిక్ నిప్పంటించిన ఓడలను గాలివాటున దాని మీదికి వదిలాడు. ఈ రెండు ఓటముల నుంచి ఎడమ గడికి బాణాలు గీయండి. 461లో మజోరియన్‌ను రిసిమర్ చంపించాడు. 472లో ఆంథిమియస్ వంతు. ఆయన రిసిమర్‌కు పిల్లనిచ్చిన మామ! మామను చంపించిన అల్లుడు కూడా అదే ఏడాది పోయాడు. గుండొబాద్ నిలబెట్టిన గ్లిసేరియస్‌కు ఒక్క లైను చాలు.

మనకూ రోమ్‌కూ ఏం సంబంధం మేడం అని ఎవరో ఒకరు అడుగుతారు. మన జిల్లా అక్కెనపల్లిలో అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలు 1,500కు పైగా దొరికాయి. కానీ అవి ఈ గొడవలకు నాలుగు వందల ఏళ్ల ముందువి, జవాబులో ఇరికించకండి.

అట్టడుగున 475, 476. ఒరెస్టిస్ తన కొడుకు రోములస్‌ను ఎక్కించాడు. సైనికులు ఇటలీ భూమిలో మూడో వంతు అడిగారు. జీతానికి డబ్బు లేనిచోట ఇంకేం అడుగుతారు? అతను కాదన్నాడు. ఒడోసర్ వాళ్లకు నాయకుడై ఒరెస్టిస్‌ను చంపాడు, పిల్లవాడు రోములస్‌కు మాత్రం భత్యం ఇచ్చి దక్షిణ ఇటలీలోని కంపానియాకు పంపాడు. కొత్త చక్రవర్తిని వెతికే పనే పెట్టుకోలేదు.

అయినా 476 దగ్గర అడ్డగీత కొట్టకండి. గ్లిసేరియస్ తర్వాత చక్రవర్తియై, 475లో ఒరెస్టిస్ తరిమేసిన జూలియస్ నెపోస్ 480 దాకా ఇటలీకి ఎదురుగా సముద్రం అవతలి డాల్మేషియాలో బతికే ఉన్నాడు, తూర్పు రాజధాని కాన్‌స్టాంటినోపుల్ లెక్కలో చక్రవర్తి అతనే. ఎడమ గడిలో గ్లిసేరియస్ కింద అతని పేరు రాసి, అక్కడి నుంచి 480 దాకా చుక్కల గీత వేసి, జవాబులో దాని గురించి రెండు వాక్యాలు రాయండి.